ఇన్వెస్ట్‌ఆర్ ప్యాకేజీ రివ్యూ: వంపు కర్వ్ మీద రీడింగ్ నుంచి డోసుకు వెనక్కి రావడం

తెలిసిన డోసులతో క్యాలిబ్రేషన్ కర్వ్ వేస్తాం. తర్వాత తెలియని శాంపిల్ రీడింగ్ చేతికొస్తుంది. ఆ రీడింగ్ దగ్గర అడ్డగీత గీసి, అది కర్వ్‌ను తాకిన చోటు నుంచి కిందికి దిగితే డోసు వస్తుంది. ఇంతవరకు ఏ స్ప్రెడ్‌షీటైనా చేసి పెడుతుంది. ఆ డోసుకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు డోసు ఏ హద్దుల మధ్య ఉండవచ్చన్న లెక్క) ఎంత అని అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. తెలుగు పుస్తకాల్లో విశ్వాస అంతరం అని రాసే ఈ లెక్క, కర్వ్ వంపు తిరిగి ఉంటే మామూలు ప్లస్-మైనస్ సూత్రానికి లొంగదు.

గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలోని ఇన్వెస్ట్‌ఆర్ ప్యాకేజీని సరిగ్గా ఈ పని కోసమే రాశారు. ఆర్ ప్యాకేజీల భాండారమైన క్రాన్‌లో ఉచితంగా దొరుకుతుంది, లైసెన్సు జీపీఎల్ (ఓపెన్ సోర్స్). 2014లో ఆర్ జర్నల్‌లో దీని గురించిన వ్యాసం వచ్చింది. నాన్‌లీనియర్ క్యాలిబ్రేషన్ చేసే ప్రతి ఒక్కరూ దీన్ని వాడాలని గట్టిగా చెప్పవచ్చు. ముఖ్య కారణం ఏమిటంటే, ఇంటర్వల్‌కు ఒక పక్క హద్దే లేని చోట ఇది అంకె కల్పించదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆ ఎర్రర్ చూసి విసుక్కునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ శాంపిల్ గురించి తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి అందులోనే ఉంటుంది.

సరళరేఖకు దారి ఎప్పుడో పడింది. రీడింగ్‌ను డోసు మీద ఫిట్ చేసి, ఆ సమీకరణాన్ని తిరగేసే పద్ధతిని 1939లో గణాంక శాస్త్రవేత్త ఐసెన్‌హార్ట్ సమర్థించాడు. అలా కాకుండా డోసునే రీడింగ్ మీద ఫిట్ చేయవచ్చని 1967లో క్రచ్‌కాఫ్ వాదించడంతో పెద్ద చర్చే నడిచింది. సరళరేఖ సమీకరణాన్ని తిరగేస్తే డోసు రెండు అంచనాల నిష్పత్తిగా వస్తుంది. అలాంటి నిష్పత్తికి ఇంటర్వల్ కట్టడానికి ఫీలర్ పేరుతో ఒక పద్ధతి వాడుకలో ఉంది. ఆ ఇంటర్వల్ ఒక్కోసారి అనంతం దాకా పోతుంది, అలా పోవడం లెక్కలో లోపం కాదు. వంపు కర్వ్‌లకు ఇన్వెస్ట్‌ఆర్ వాడే ఇన్వర్షన్ పద్ధతి (రీడింగ్ చుట్టూ ఉన్న అనిశ్చితి హద్దులను కర్వ్ మీదుగా డోసులోకి దించేది) కూడా ఈ కోవలోదే.

ప్యాకేజీతో పాటే వచ్చే నాస్టర్షియం (ఒక రకం మొక్క) డేటా మీద పని చూస్తే మంచీ చెడూ రెండూ తెలుస్తాయి. మట్టిలో కలిపిన ఒక వ్యవసాయ రసాయనం డోసు ఒక పక్క, మూడు వారాలు పెరిగిన మొక్క బరువు మిల్లీగ్రాముల్లో ఇంకో పక్క. డోసులు ఏడు: 0, 0.025, 0.075, 0.25, 0.75, 2, 4. ఒక్కో డోసుకు ఆరు మొక్కలు, మొత్తం 42 రీడింగ్‌లు. డోసు పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. మోడల్ మూడు పారామీటర్ల లాజిస్టిక్. థీటా1ని, 1 + ఎక్స్‌పొనెన్షియల్ (థీటా2 + థీటా3 × లాగ్ డోసు) తో భాగించాలి. ఆర్‌లో వంపు కర్వ్‌లు ఫిట్ చేసే ఎన్‌ఎల్‌ఎస్ ఫంక్షన్‌కు మొదలు విలువలుగా 1000, −1, 1 ఇస్తే ఇబ్బంది లేకుండా కుదురుతుంది. థీటా1 సుమారు 898, థీటా2 −0.62, థీటా3 1.35 వస్తాయి. అంటే డోసు లేని మొక్క సగటు బరువు 898 మిల్లీగ్రాములన్నమాట.

ఇప్పుడు డోసు తెలియని ఒక మట్టి శాంపిల్‌లో పెరిగిన మూడు మొక్కల బరువులు 309, 296, 419. ఈ మూడింటినీ వై0గా ఇచ్చి ఇన్వెస్ట్ ఫంక్షన్‌ను పిలిస్తే డోసు అంచనా 2.26 వస్తుంది. ఇంటర్వల్ రకం ఇన్వర్షన్ అని పెడితే 1.77 నుంచి 2.97. వాల్డ్ (మామూలు ప్లస్-మైనస్ పద్ధతి) అని పెడితే 1.69 నుంచి 2.84, స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలోని అనిశ్చితి కొలత) 0.285. రెండింటి పొడవు దాదాపు ఒకటే. చోటు మాత్రం వేరు. వాల్డ్ రెండు పక్కలా 0.575 సమానంగా జరిగింది. ఇన్వర్షన్ కిందికి 0.49, పైకి 0.71 జరిగింది.

ఈ తేడా ఎందుకొచ్చిందో పారామీటర్లు చేతిలో ఉంటే క్యాలిక్యులేటర్ మీదే తేల్చుకోవచ్చు. 1.77 దగ్గర కర్వ్ ఎత్తు సుమారు 414, 2.97 దగ్గర సుమారు 268. రీడింగ్‌ల సగటు 341. అంటే నిలువుగా చూస్తే పైకి 73, కిందికి 73, దాదాపు సమానం. అడ్డంగా చూస్తే సమానం కాదు. కారణం వాలు. 1.77 దగ్గర డోసు ఒక యూనిట్ పెరిగితే బరువు 170 చొప్పున పడుతోంది, 2.26 దగ్గర 126 చొప్పున, 2.97కి వచ్చేసరికి 85 చొప్పునే. కర్వ్ అంతకంతకూ చదును అవుతోంది కాబట్టి అదే 73 మిల్లీగ్రాముల అనిశ్చితి కుడిపక్క ఎక్కువ డోసును మింగుతుంది. వాల్డ్ ఇంటర్వల్ 126 అన్న ఒక్క వాలునే రెండు పక్కలా వాడేసుకుంటుంది. ఆ వాలు అక్కడికక్కడే నిజం, ఇంటర్వల్ చివరలకు వెళ్లేసరికి కాదు.

వాల్డ్‌ను లాగ్ స్కేలు మీద కట్టి తిరిగి మామూలు స్కేలుకు తెస్తే సరిపోతుందని చాలామంది అంటారు. ఈ శాంపిల్‌కు నిజంగానే సరిపోతుంది. స్టాండర్డ్ ఎర్రర్‌ను అంచనాతో భాగిస్తే 0.126. 41 డిగ్రీల ఫ్రీడమ్‌కు (ఈ 41 ఎలా వచ్చిందో చివర్లో ఉంది) టీ విలువ 2.02. రెండూ గుణించి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే 1.29. 2.26ను ఆ అంకెతో ఒకసారి భాగించి, ఒకసారి గుణిస్తే 1.76 నుంచి 2.92. ఇన్వర్షన్‌కు చాలా దగ్గరగా వచ్చింది. దీన్ని బట్టి లాగ్ స్కేలు మంచి చిట్కా అనుకోవచ్చు, కానీ ఒకే డేటాకు స్కేలు మారిస్తే ఇంటర్వల్ మారిపోయిందన్నది కూడా గమనించాలి. ఇన్వర్షన్‌కు ఆ గొడవ లేదు. డోసును లాగ్‌లో చూసినా, మామూలుగా చూసినా అవే హద్దులు వస్తాయి.

లాగ్ చిట్కా ఎక్కడ బోల్తా కొడుతుందో చూడాలంటే కర్వ్ ఎడమ చివరకు వెళ్లాలి. మూడు మొక్కల సగటు 850 వచ్చిందనుకుందాం, చెదురు (రీడింగ్‌ల మధ్య తేడా) కూడా ఇంతకుముందు శాంపిల్ మాదిరిగానే ఉందనుకుందాం. డోసు అంచనా సుమారు 0.19. మామూలు వాల్డ్ కింది హద్దు సున్నా దాటి మైనస్‌లోకి పోతుంది. డోసు మైనస్ ఉండదు కాబట్టి అక్కడ ఎవరైనా పట్టుకుంటారు. లాగ్ స్కేలు వాల్డ్ మాత్రం 0.06 నుంచి 0.6 దాకా అని చక్కగా, నమ్మేలా ఇస్తుంది. ఈ 0.06కు డేటాలో ఏ ఆధారమూ లేదు. లాగ్ తీశాక సున్నా కిందికి పోవడం లెక్కకు సాధ్యం కాదు, అందుకే ఏదో ఒక ప్లస్ అంకె వస్తుంది. వాస్తవంలో 850కి 73 కలిపితే 923, కర్వ్ గరిష్ఠ ఎత్తు 898 కంటే పైన. అడ్డగీత కర్వ్‌కు తగలనే తగలదు. ఈ శాంపిల్‌లో రసాయనం అసలు లేకపోయినా ఇలాంటి బరువులు వచ్చి ఉండవచ్చని దీని అర్థం. ఇన్వర్షన్ అడిగితే ఇన్వెస్ట్‌ఆర్ వెతికిన పరిధిలో కింది హద్దు దొరకలేదని చెప్పి ఆగిపోతుంది.

కుడి చివరన కూడా ఇదే కథ, కాకపోతే కారణం వేరు. డోసు 4 దగ్గర కర్వ్ ఎత్తు సుమారు 199. మూడు రీడింగ్‌ల సగటు సుమారు 270 కంటే కిందికి దిగితే పై హద్దు 4 దాటిపోతుంది. వెతికే పరిధి డిఫాల్టుగా డేటాలోని కనిష్ఠ డోసు నుంచి గరిష్ఠ డోసు దాకానే, అందుకని అక్కడా ఎర్రర్ వస్తుంది. అప్పర్ అన్న ఆర్గ్యుమెంట్ 20కి పెంచితే అంకె రావచ్చు. కానీ 4కు పైన ఒక్క మొక్కను కూడా తూచలేదు, అక్కడి కర్వ్ లాజిస్టిక్ సూత్రం చెప్పిన మాట మాత్రమే. ఎక్స్‌టెండ్ ఇంట్ అన్న ఆర్గ్యుమెంట్ పరిధిని తనంతట తానే పొడిగిస్తుంది కాబట్టి దాన్ని అలవాటుగా ఆన్ చేసి పెట్టుకోవడం మంచిది కాదు. పరిధి పెంచాలంటే చేత్తో పెంచాలి, పెంచామని రిపోర్టులో రాయాలి.

ఈ రెండు చివరలూ కలిపి చూస్తే ఒక లెక్క బయటపడుతుంది. సగటు రీడింగ్ సుమారు 270కీ 825కీ మధ్య ఉంటేనే, మూడు రీడింగ్‌లతో రెండు హద్దులూ దొరుకుతాయి. డోసుల్లో చెప్పాలంటే సుమారు 0.26 నుంచి 2.9 దాకా. 0.025, 0.075 దగ్గర క్యాలిబ్రేషన్ పాయింట్లు ఉన్నాయి కదా అని అక్కడ డోసు చదవవచ్చనుకుంటే పొరపాటే. కొత్త పరీక్ష మొదలుపెట్టేముందు ఈ పరిధి లెక్కేసుకోవడం ఈ ప్యాకేజీతో దొరికే పెద్ద లాభం. చదువు చెప్పే పుస్తకాలు దీన్ని ఇంతగా పట్టించుకోవు.

వాడకంలో జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది వై0 దగ్గర జరుగుతుంది. వై0లో ఒకటి కంటే ఎక్కువ అంకెలు ఇస్తే, ఆ అంకెలన్నీ ఒకే శాంపిల్‌కు చెందిన రెప్లికేట్లని ప్యాకేజీ అనుకుంటుంది. మూడు వేర్వేరు శాంపిళ్ల రీడింగ్‌లు ఒకేసారి ఇచ్చేస్తే మూడింటి సగటుకు ఒక్క డోసు వస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, అంకె కూడా సహజంగానే కనిపిస్తుంది. ఒక్కో శాంపిల్‌కు విడిగా లూప్ తిప్పాలి. ఒకే కర్వ్ మీద చాలా శాంపిళ్లు చదివి, ఇంటర్వళ్లన్నీ కలిసి 95 శాతం నిలవాలంటే అడ్జస్ట్‌లో బాన్‌ఫెరోనీ పెట్టి, కే దగ్గర శాంపిళ్ల సంఖ్య ఇవ్వాలి.

రెప్లికేట్లు అంటే విడివిడిగా తయారుచేసినవి. తయారుచేసిన ఒక్క ద్రావణాన్నే మిషన్‌లో మూడుసార్లు చదివితే అవి రెప్లికేట్లు కావు. క్యాలిబ్రేషన్ పాయింట్ల చెదురులో తయారీ తేడాలు కూడా కలిసి ఉంటాయి. మూడు మిషన్ రీడింగ్‌లను మూడు రెప్లికేట్లుగా ఇస్తే ఆ తయారీ తేడాను కూడా మూడుతో భాగించేస్తాం, ఇంటర్వల్ అబద్ధంగా కుంచించుకుపోతుంది. అసలైన రెప్లికేట్లు పెంచినా ఒక మేరకే లాభం. వాటితో తగ్గేది కొత్త రీడింగ్ వైపు అనిశ్చితి మాత్రమే. కర్వ్ వైపు అనిశ్చితి క్యాలిబ్రేషన్ పాయింట్లు పెంచితేనే తగ్గుతుంది. పై డేటాలో 2కీ 4కీ మధ్య ఒక్క డోసు కూడా లేదు, వాలు చప్పబడేది సరిగ్గా అక్కడే. డోసులు మళ్లీ ఎంచుకునే వీలుంటే మొదట 3 దగ్గర పాయింటు పెట్టాలి.

మీన్ రెస్పాన్స్ అన్న ఆర్గ్యుమెంట్ డిఫాల్టు ఫాల్స్. తెలియని శాంపిల్ చదవడానికి అదే సరైనది. ట్రూ చేస్తే ప్రశ్నే మారిపోతుంది. సగటు బరువు సరిగ్గా 341 రావాలంటే ఎంత డోసు వేయాలి అన్నది ఆ ప్రశ్న. అప్పుడు కొత్త రీడింగ్ చెదురు లెక్కలోకి రాదు, ఇంటర్వల్ చాలా సన్నగా కనిపిస్తుంది. సన్నగా ఉంది కదా అని దాన్ని శాంపిల్ రిపోర్టులో పెట్టడం పెద్ద తప్పు.

ఎవరూ చూడని ఆర్గ్యుమెంట్ టాల్, అంటే హద్దును ఎంత కచ్చితంగా వెతకాలో చెప్పేది. డిఫాల్టు విలువ సుమారు 0.00012. డోసులు 0 నుంచి 4 దాకా ఉన్నప్పుడు అది లెక్కలోకి రాదు. డోసులు 0.01 చుట్టూ ఉండే యూనిట్లలో పనిచేస్తుంటే మాత్రం అది ఒక శాతానికి పైమాటే, హద్దులోని మూడో అంకె అప్పటికే నమ్మదగ్గది కాదు. టాల్‌ను పది మైనస్ పదో ఘాతానికి దించాలి, లేదా డోసుల యూనిట్ మార్చుకోవాలి. ఖర్చేమీ ఉండదు.

ప్లాట్‌ఫిట్ ఫంక్షన్ బొమ్మ బాగా గీస్తుంది. ఇంటర్వల్ దగ్గర బోత్ పెడితే కాన్ఫిడెన్స్ పట్టీ, ప్రిడిక్షన్ పట్టీ రెండూ వస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ప్రిడిక్షన్ పట్టీ ఒకే ఒక్క కొత్త రీడింగ్‌కు వేసినది. మూడు రెప్లికేట్ల సగటుతో బొమ్మ మీద అడ్డగీత గీసి చదివిన హద్దులు ఇన్వెస్ట్ ఇచ్చినవాటి కంటే వెడల్పుగా ఉంటాయి. రెండూ కలవలేదని కంగారు పడనక్కర్లేదు.

సున్నా డోసు ఉన్న డేటాలో లాగ్ పెట్టిన మోడల్ విషయంలో ఒక జాగ్రత్త. లాగ్ సున్నా మైనస్ అనంతం, దాని ఎక్స్‌పొనెన్షియల్ సున్నా, కాబట్టి కర్వ్ విలువ సరిగ్గా థీటా1 వస్తుంది. ఎన్‌ఎల్‌ఎస్ తనంతట తాను అంకెల్లో గ్రేడియెంట్ (పారామీటర్ మారితే కర్వ్ ఎంత మారుతుందన్న లెక్క) తీసుకుంటే అక్కడ సున్నా వస్తుంది, అంతా సజావుగా సాగుతుంది. వేగం కోసం డెరివ్ ఫంక్షన్‌తో సూత్రరూపంలో గ్రేడియెంట్ ఇస్తే మాత్రం థీటా3 వైపు సున్నాను మైనస్ అనంతంతో గుణించాల్సి వచ్చి నాన్ (NaN, అంకె కానిది) వస్తుంది, ఫిట్ అక్కడే ఆగిపోతుంది. సున్నా బదులు 0.0001 లాంటి అంకె పెట్టి తప్పించుకోవడం కంటే, సున్నా డోసు వరసలకు ఆ గ్రేడియెంట్‌ను సున్నా అని విడిగా రాయడమే శుభ్రమైన పని.

బూట్‌స్ట్రాప్ (డేటాను పదేపదే మళ్లీ తయారుచేసి ఫిట్ చేసే పద్ధతి) కూడా ఉంది. ఇంటర్వల్ రకం పర్సెంటైల్ పెడితే 999 సార్లు మోడల్‌ను మళ్లీ ఫిట్ చేస్తుంది, పారామెట్రిక్, నాన్‌పారామెట్రిక్ రెండూ చేయవచ్చు. సీడ్ (యాదృచ్ఛిక అంకెలకు మొదలు సంఖ్య) ఇవ్వడం మరవకూడదు. ఇన్వర్షన్‌కు తోడుగా సరిచూసుకోవడానికి బాగుంటుంది, దాని స్థానంలో వాడడానికి కాదు. కర్వ్ చివరల్లో మళ్లీ ఫిట్ చేసిన కర్వ్‌ల్లో కొన్నింటికి అడ్డగీత తగలదు, అక్కడ డోసే రాదు. అలాంటివి తీసేసి మిగతావాటితో ఇంటర్వల్ కడితే సరిగ్గా కష్టమైన కేసులనే పక్కన పెట్టినట్టవుతుంది, ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

ప్యాకేజీకి ఉన్న పెద్ద పరిమితి చెదురు గురించి. దీని వెనకున్న సిద్ధాంతం కర్వ్ పొడవునా చెదురు ఒకే స్థాయిలో ఉంటుందన్న ఊహ మీద నిలబడింది. చాలా పరీక్షల్లో సిగ్నల్ పెరిగేకొద్దీ చెదురూ పెరుగుతుంది. అప్పుడు ఒకే సిగ్మా (చెదురు కొలత) వాడితే తక్కువ సిగ్నల్ దగ్గర ఇంటర్వల్ అనవసరంగా వెడల్పు, ఎక్కువ సిగ్నల్ దగ్గర మోసపూరితంగా ఇరుకు అవుతుంది. ఫిట్ చేయగానే రెసిడ్యువల్స్ (రీడింగ్‌కూ కర్వ్‌కూ మధ్య తేడాలు) బొమ్మ చూడాలి. విసనకర్రలా విచ్చుకుంటే, ఎన్‌ఎల్‌ఎస్‌లో రీడింగ్‌కూ కర్వ్ సూత్రానికీ రెండింటికీ లాగ్ తీసి మళ్లీ ఫిట్ చేయాలి. డోసు పారామీటర్ల అర్థం మారదు. వై0 కూడా ఒక్కో రీడింగ్‌కు విడిగా లాగ్ తీసి ఇవ్వాలి. సగటు తీశాక లాగ్ తీయడం తప్పు. ప్లేటు ప్లేటుకూ తేడా ఉండే పరీక్షలకు లీనియర్ మిక్స్‌డ్ మోడళ్ల దాకా దారి ఉంది, వంపు కర్వ్‌కు ఆ సౌకర్యం ఆశించకూడదు.

పోటీలో ఉన్నవాటి సంగతి క్లుప్తంగా. డీఆర్‌సీ ప్యాకేజీ డోస్-రెస్పాన్స్ కర్వ్‌లు ఫిట్ చేయడంలో ఇంతకంటే చాలా ముందుంది, నాలుగు పారామీటర్ల లాగ్‌లాజిస్టిక్ మొదలు విలువలు అదే వెతుక్కుంటుంది. కానీ దాని ఈడీ ఫంక్షన్ (ఇంత ప్రభావానికి ఎంత డోసు కావాలో చెప్పేది) ఇచ్చే డెల్టా ఇంటర్వల్ కర్వ్ అనిశ్చితికే పరిమితం, కొత్త శాంపిల్ చెదురు అందులో ఉండదు. కెమ్‌క్యాల్ సరళరేఖలకు మాత్రమే. పైథాన్ సైపైలోని కర్వ్‌ఫిట్ పారామీటర్లు, వాటి కోవేరియన్స్ ఇచ్చి ఊరుకుంటుంది, వెనక్కి చదవడం మనమే రాసుకోవాలి.

ఇక మార్కులు తగ్గించాల్సిన చోటు. ఒక హద్దు లేనప్పుడు ఎర్రర్ ఇచ్చి ఆగడం సరే, రెండో హద్దు ఉన్నా దాన్ని కూడా ఇవ్వకుండా ఆగడం బాగాలేదు. 850 శాంపిల్‌కు పై హద్దు ఉంది, పనికొచ్చే అంకె అది. చేత్తో తీయడం కష్టమేమీ కాదు. 0 నుంచి 4 దాకా దగ్గర దగ్గరగా డోసుల వరస తయారుచేసి, ప్రెడ్‌ఫిట్ ఫంక్షన్‌కు స్టాండర్డ్ ఎర్రర్ కూడా ఇవ్వమని చెప్పాలి. ఒక్కో డోసు దగ్గర రీడింగ్‌ల సగటుకూ కర్వ్ ఎత్తుకూ ఉన్న తేడాను వర్గం చేయాలి. దాన్ని, సిగ్మా వర్గాన్ని రెప్లికేట్ల సంఖ్యతో భాగించి స్టాండర్డ్ ఎర్రర్ వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. ఈ నిష్పత్తి టీ వర్గం కంటే తక్కువ ఉన్న డోసులన్నీ ఇంటర్వల్‌లోవే. ఇక్కడ సిగ్మా వర్గం అంటే కర్వ్ వైపు 39 డిగ్రీలు (42 రీడింగ్‌ల నుంచి 3 పారామీటర్లు పోగా), మూడు రీడింగ్‌ల వైపు 2 డిగ్రీలు కలిపి తీసిన సగటు. టీకి 41 డిగ్రీలు రావడం అందుకే. ఈ గ్రిడ్ పద్ధతిలో ఇంటర్వల్ రెండు ముక్కలుగా విడిపోయినా కంటికి కనబడుతుంది. కర్వ్ ఒకసారి పెరిగి మళ్లీ తగ్గే పరీక్షల్లో ఇన్వెస్ట్‌ను ఒక్క పిలుపుతో వదిలేయకుండా ముందు ఈ గ్రిడ్ వేసి చూడాలి.

850 శాంపిల్‌కు ఆ పై హద్దు సుమారు 0.40 వస్తుంది. రిపోర్టులో రాయాల్సింది అంచనా 0.19, పై హద్దు 0.40, కింది హద్దు లేదు, సున్నా డోసును తోసిపుచ్చలేం అని. ఒక పక్క హద్దునే 95 శాతంగా చెప్పాలనుకుంటే టీ విలువను 90 శాతం లెవెల్‌కు తీసుకోవాలి. అప్పుడు హద్దు 0.40 కంటే ఇంకొంచెం కిందికి దిగుతుంది.